ఏడీహెచ్‌డీ మాత్ర: ఇవ్వాలా వద్దా అని కొట్టుమిట్టాడాక తెలిసిన సంగతులు

మా అబ్బాయి ఏడీహెచ్‌డీకి (ధ్యాస, కుదురు నిలవని సమస్య) రాసిన మొదటి నెల మాత్రల అట్ట మా వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక పదకొండు రోజులు అలాగే పడి ఉంది. డాక్టర్ రాసిచ్చారు, నేనూ మా ఆయనా కలిసే వెళ్ళి కొనుక్కొచ్చాం. అయినా రోజూ పొద్దున పాలు కలిపేటప్పుడు ఆ డబ్బా వైపు చూడటం, రేపటినుంచి మొదలెడదాంలే అనుకోవడం. పన్నెండో రోజు వేశాను. అది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు వెనక్కి చూస్తే, "మందు ఇవ్వాలా వద్దా" అని నేను ఒకే ప్రశ్నగా మోసుకు తిరిగినదాంట్లో నాలుగైదు వేరు వేరు ప్రశ్నలు జడ చిక్కులా పెనవేసుకుని ఉన్నాయి. వాటిలో కొన్నిటికి సూటి జవాబులు ఉన్నాయి, కొన్నిటికి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేవు. నేను డాక్టర్‌ని కాను. మీ పిల్లల డోసు సంగతి మీ డాక్టరే చెప్పాలి. చిక్కు ఎక్కడెక్కడ ఉందో మాత్రం నేను చూపించగలను.

మా వాడికి అప్పుడు ఏడేళ్ళు. అల్లరి అందరికీ కనిపించేదే. సోఫా మీదనుంచి దివాన్ మీదకి, దివాన్ మీదనుంచి నేల మీదకి. అది నాకు పెద్ద బాధ కాదు. ఒక లైను రాయడానికి పెన్సిల్ మూడుసార్లు చెక్కడం, చెక్కుతూ చెక్కుతూ ఆ పొట్టుతో పువ్వు చేయడం, చివరికి లైను రాయలేదని వాడే ఏడవడం, ఇదీ బాధ. ఒకరోజు తెగిన గాలిపటం వెంట కాలనీ గేటు దాటి రోడ్డు మీదకి పరిగెత్తాడు, ఆటో అతను బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం వాడిని కొట్టాను. కొట్టాక, "అమ్మా, ఆగాలని నాకు తర్వాత గుర్తొచ్చింది" అన్నాడు. ఏడీహెచ్‌డీ గురించి ఆ తర్వాత చాలా చదివాను కానీ దాన్ని ఇంతకంటే సరిగా చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

మొదటి చిక్కు, అసలు ఇది జబ్బేనా అన్నది. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. అందుకే బంధువులు "డాక్టర్లు ఏదో పేరు పెట్టి డబ్బులు లాగుతారు" అంటే ఎదురు చెప్పడం కష్టం. కానీ కొలత లేకపోలేదు. ధ్యాస నిలవకపోవడానికి తొమ్మిది లక్షణాలు, కుదురులేనితనానికీ తొందరపాటుకీ కలిపి తొమ్మిది, రెండు జాబితాల్లో దేంట్లోనైనా కనీసం ఆరు ఉండాలి, అవి ఆరు నెలలకు పైగా ఉండాలి, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి, పైగా కనీసం రెండు చోట్ల కనబడాలి. ఈ రెండు చోట్ల అన్నది ముఖ్యం. స్కూల్లో మాత్రమే గోల చేసి ఇంట్లో బాగుంటే ముందు ఆ స్కూల్లో ఏం జరుగుతోందో చూడాలి. మాకు వాండర్‌బిల్ట్ అని ఒక ఫారం ఇచ్చారు, తల్లిదండ్రులకి యాభై అయిదు ప్రశ్నలు, టీచర్‌కి వేరే ఫారం. నేనూ మా ఆయనా విడివిడిగా నింపాం. ఇద్దరి జవాబులూ చూసుకుంటే ఒకే పిల్లాడి గురించి రాసినట్టు లేదు, దాని మీద ఆ రాత్రి మేమే పోట్లాడుకున్నాం. పొద్దున ఎనిమిదికి వెళ్ళి రాత్రి తొమ్మిదికి వచ్చే మనిషికి నిద్రపోయే పిల్లాడు బుద్ధిమంతుడిలాగే కనిపిస్తాడు మరి.

ఫారం నింపేశాం కదా అని నేరుగా మందుకి వెళ్ళకూడదు. చెవులు సరిగా వినబడుతున్నాయా, కళ్ళు కనబడుతున్నాయా, ఐరన్ తక్కువగా ఉందా, టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాచి రాత్రి గురకతో నిద్ర చెడి పగలు ఇలా ఉంటున్నాడా, ఇవి ముందు చూడాలి. కొందరు పిల్లలు క్లాసులో కొన్ని సెకన్ల పాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు, అది పరధ్యానమనుకుంటాం, ఒక రకం ఫిట్స్ కూడా కావచ్చు. ఇవేవీ అడగకుండా పది నిమిషాల్లో ఏడీహెచ్‌డీ అని తేల్చేసి మందు రాసే డాక్టర్ దగ్గరినుంచి లేచి వచ్చేయడమే మంచిది, నా ఉద్దేశంలో. ఆడపిల్లల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. గోల చేయరు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు, ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళరు. "మొద్దు" అని ముద్ర వేసి ఊరుకుంటారు.

మా అత్తయ్య మొదటిరోజు నుంచీ ఒకటే మాట. "వాళ్ళ నాన్నా ఇంతే, వసపిట్టలా వాగేవాడు, ఒక్కచోట నిలిచేవాడు కాదు, ఇప్పుడు ఇంజనీర్ కాలేదా?" నేను కోపంగా ఈ మాట డాక్టర్‌కి చెప్తే ఆవిడ నవ్వకుండా ఫైల్లో రాసుకున్నారు. ఎందుకంటే కవలల మీద చేసిన పరిశోధనల్లో ఏడీహెచ్‌డీకి వంశపారంపర్యం దాదాపు 70 నుంచి 80 శాతం అని తేలింది, మనిషి ఎత్తుకి దగ్గర దగ్గర అంత. అంటే అత్తయ్య చెప్పిన విషయం నిజమే, దాన్నుంచి తేల్చిన తీర్పు దగ్గరే తేడా. మా ఆయన ఇంజనీర్ అయ్యారు, నిజమే. పదో తరగతి వరకూ ఎన్ని బెల్టు దెబ్బలు తిన్నారో, ఇప్పటికీ కరెంటు బిల్లు ఎన్నిసార్లు గడువు దాటి కడతారో అత్తయ్య లెక్కలోకి రాలేదు. ఇక మిగతావాళ్ళది ఫోన్ మీద నింద. ఫోన్ తగ్గించాలి, అది వేరే సంగతి, నిద్రకైనా తగ్గించాలి. కానీ జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ లండన్‌లో ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చింది 1902లో. అప్పుడు యూట్యూబ్ ఎక్కడిది?

సరే, రెండో చిక్కు. ఆ మాత్ర ఏమిటి? పేరు మిథైల్‌ఫెనిడేట్. మన దగ్గర ఇన్‌స్పైరల్, యాడ్‌వైజ్ లాంటి పేర్లతో వస్తుంది. ఇది ఉత్తేజపరిచే మందు, కాఫీ ఉత్తేజపరుస్తుందే, ఆ వైపు జాతి. అసలే నిలవనివాడికి హుషారు మందేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ వింత బయటపడింది 1937లో, అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో. చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ అక్కడి పిల్లలకి తలకి తీసే ఒక రకం ఎక్స్‌రే వల్ల విపరీతమైన తలనొప్పి వస్తోందని బెంజిడ్రిన్ అనే యాంఫెటమిన్ మందు (ఇదీ ఉత్తేజపరిచే జాతే) ఇచ్చాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గానీ పిల్లలు కొందరు ఉన్నట్టుండి బుద్ధిగా లెక్కలు చేయడం మొదలెట్టారు. తర్వాత 30 మందికి ఇచ్చి చూస్తే 14 మందిలో మార్పు కొట్టొచ్చినట్టు కనబడింది. పిల్లలే వాటిని లెక్కల మాత్రలు అని పిలిచేవాళ్ళట. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ తయారు చేశాడు. వాళ్ళావిడ ముద్దుపేరు రీటా, టెన్నిస్ ఆడేముందు ఇది వేసుకునేదట, ఆవిడ పేరు మీదే రిటాలిన్ అయింది. నేను భయపడుతూ వెతుకుతున్న రోజుల్లో ఈ రీటా కథ చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఎనభై ఏళ్ళ పాత మందు. నిన్నగాక మొన్న కనిపెట్టి మన పిల్లల మీద పరీక్షిస్తున్నది కాదు.

పని చేసే తీరు చెరువు లెక్కన చూస్తే సులువు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలు ఉంటాయి, ఇక్కడ మనకి కావలసినవి డోపమిన్, నార్‌అడ్రినలిన్. కబురు అందీ అందకముందే తూములోంచి నీళ్ళు వెళ్ళిపోయినట్టు అవి వెనక్కి లాగేసుకోబడతాయి. మిథైల్‌ఫెనిడేట్ ఆ తూముని కొంత మూస్తుంది, మట్టం కాసేపు నిలుస్తుంది. అమెరికాలో ఎక్కువగా వాడే యాంఫెటమిన్ మందులు పైనుంచి వచ్చే నీళ్ళని కూడా పెంచుతాయి. మట్టం నిలిస్తే ముందు ఆగి, తర్వాత చేయడం అన్నది కాస్త చేతికొస్తుంది. మామూలు మాత్ర పని మూడు నాలుగు గంటలే, నెమ్మదిగా విడుదలయ్యే రకాలైతే ఎనిమిది గంటలు, కొన్ని పన్నెండు దాకా. ఆ నెమ్మది రకం మాత్రని నూరకూడదు, నమలకూడదు, నమిలితే మొత్తం ఒకేసారి ఒంట్లోకి వెళ్ళిపోతుంది. అరటిపండులో పొడి చేసి పెట్టమని మా ఆడపడుచు ప్రేమగా సలహా ఇచ్చింది, అందుకని చెప్తున్నా. రాత్రికి ఒంట్లో మందు ప్రభావం దాదాపు ఉండదు. నా పదకొండు రోజుల భయంలో సగం ఇది తెలియకపోవడం వల్లే. ఒక్కసారి వేస్తే పిల్లాడు శాశ్వతంగా మారిపోతాడని, వెనక్కి రాడని ఊహించుకున్నాను.

కొనడానికి వెళ్ళినప్పుడు ఆ ఊహ ఇంకా ముదిరింది. మా కాలనీ మెడికల్ షాపతను చీటీ చూసి, నన్నూ మా వాడినీ ఒకసారి పైనుంచి కిందకి చూసి, "ఇది మా దగ్గర ఉండదమ్మా, నార్కోటిక్" అన్నాడు. పక్కన కాఫ్ సిరప్ కొంటున్నావిడ కూడా తిరిగి చూసింది. సంగతేమిటంటే ఈ మందు మన చట్టంలో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. దానికి షాపుకి వేరే లైసెన్సు కావాలి, డాక్టర్ చీటీ రెండు కాపీలు ఇవ్వాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు దాచాలి. అట్ట మీద ఎర్రటి ఎక్స్‌ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటుంది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కూడా దీనికి వర్తిస్తుంది. ఇన్ని కట్టుదిట్టాలు ఎందుకంటే పెద్దవాళ్ళు దీన్ని అడ్డదారిలో, అడ్డగోలు మోతాదులో వాడే ప్రమాదం ఉంది కాబట్టి. డాక్టర్ చెప్పిన మోతాదులో మింగే పిల్లాడి పరిస్థితి వేరు. అయినా ఆ షాపులో నిలబడ్డప్పుడు తల్లికి కలిగే సిగ్గు ఏ చట్టంలోనూ రాసి ఉండదు. ఆచరణలో దీని ఫలితం, మందు పెద్ద ఆసుపత్రుల ఫార్మసీల్లోనే దొరకడం. మొదటి సంక్రాంతికి అత్తగారి ఊరెళ్ళి లెక్క తప్పి మాత్రలు అయిపోతే దగ్గర్లోని టౌన్‌లో ఆరు షాపులు తిరిగాం, దొరకలేదు. ఏమీ కాలేదు, నాలుగు రోజులు మామూలుగా చెట్లెక్కి దిగాడు, భోగిమంటకి మాత్రం నేను చేయి వదలలేదు. అమెరికాలో ఉండే మా కజిన్‌ది ఇంకో రకం అవస్థ. వాళ్ళ పాప వాడే యాంఫెటమిన్ మందులు మన దేశంలో వైద్యానికి దొరకవు, సెలవులకి వచ్చేముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. 2022 అక్టోబర్‌లో అక్కడే ఆ మందుకి కొరత వచ్చింది, అప్పుడు వాళ్ళు ఇండియానుంచి పంపమని అడిగారు. అసలు ఇక్కడ లేదే అంటే నమ్మరు.

అలవాటు పడిపోతాడా? ఇది అందరూ అడిగేది, గొంతు తగ్గించి మరీ అడిగేది. చిన్నప్పుడు ఈ మందులు వాడిన పిల్లలు పెద్దయ్యాక తాగుడికో మత్తుకో ఎక్కువగా దిగుతారా అని 15 పరిశోధనలని కలిపి 2013లో చూశారు. మందు వల్ల ఆ ముప్పు పెరగలేదు. తగ్గనూ లేదు. మందు వేయకుండా వదిలేస్తే సురక్షితం అనుకోవడానికీ లేదు, ఏడీహెచ్‌డీ ఉండటమే కొంత ముప్పు. మా వాడి విషయంలో అయితే అలవాటు పడటం మాట అటుంచి, రోజూ గుర్తుచేయకపోతే వేసుకోవడం కూడా గుర్తుండదు.

అయితే ఏం మారింది? మొదటి రోజు ఆదివారం, కావాలనే ఇంట్లో ఉండగా మొదలుపెట్టాం, అతి తక్కువ డోసుతో. నేను సినిమాల్లో చూపించినట్టు ఏదో జరుగుతుందని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. తర్వాతి వారం డోసు కాస్త పెంచారు. ఒకరోజు క్యారమ్స్ ఆడుతూ తన వంతు వచ్చేదాకా ఊరికే ఆగాడు, అంతే. నేను వంటింట్లోంచి అది చూసి స్టవ్ మీద పాలు పొంగించేశాను. మార్పు ఆ సైజులో ఉంటుంది. చేతిరాత కొంచెం మెరుగయింది, స్కూల్ డైరీలో ఎర్ర ఇంకు తగ్గింది. లెక్కలు? లెక్కలు రావడం రాకపోవడం మందుతో మారలేదు. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2022లో అమెరికాలో విలియం పెల్హామ్ బృందం 173 మంది పిల్లలని వేసవి క్యాంపులో మందుతోనూ మందు లేకుండానూ చూసి ఫలితాలు ప్రచురించింది. మందు వేసుకున్నప్పుడు నిమిషానికి 37 శాతం ఎక్కువ లెక్కలు చేశారు, క్లాసు నియమాలు మీరడం గంటకి 53 శాతం తగ్గింది. కానీ కొత్త పాఠం నేర్చుకోవడంలో తేడా లేదు. కూర్చోబెట్టడం దాకా మందు పని. కూర్చున్నాక నేర్పడం ఎవరో ఒకరు చేయాలి, మా ఇంట్లో అది నేను, రాత్రి ఏడున్నరకి.

ఈ ఫలితం మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడకి చదివి వినిపించాల్సి వచ్చింది. వాళ్ళమ్మాయి కార్పొరేట్ కాలేజీలో నీట్ కోచింగ్, ఏడీహెచ్‌డీ ఏమీ లేదు. "ఆ కాన్సంట్రేషన్ టాబ్లెట్ మా పాపకి పరీక్షల ముందు నాలుగు ఇవ్వొచ్చా" అని అడిగారు, చక్కెర అప్పడిగినంత మామూలుగా. ఇవ్వకూడదు. చట్టరీత్యా తప్పు, గుండె సంగతి తెలియకుండా వేయడం ప్రమాదం, పైగా దానివల్ల ర్యాంకు రాదు. అప్పటినుంచి మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.

దుష్ప్రభావాలకి వద్దాం, ఎందుకంటే ఇక్కడ తల్లుల పని ఎక్కువ, డాక్టర్లు రెండు వాక్యాల్లో చెప్పి వదిలేస్తారు. ఆకలి పోతుంది. ఇది రాసినంత తేలిక కాదు. మధ్యాహ్నం బాక్స్ ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తుంది, బెండకాయ వేపుడు అయినా సరే, చికెన్ అయినా సరే. మొదటి రెండు నెలల్లో కిలోన్నర తగ్గాడు, బుగ్గలు లోపలికి పోయాయి, ఊరినుంచి ఎవరొచ్చినా మొదటి మాట "ఏమ్మా, బిడ్డకి తిండి పెట్టట్లేదా" అని. తర్వాత మా తిండి టైమ్‌టేబులే మార్చేశాం. మాత్రకి ముందు కడుపునిండా తినాలి, గుడ్డు దోసె రెండు, లేదా నెయ్యి బాగా వేసిన ఉప్మా పెసరట్టు, అవి తిన్నాకే మాత్ర. మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నా గొడవ చేయను. సాయంత్రం మందు ప్రభావం దిగాక ఆకలి ఒక్కసారి మీద పడుతుంది, ఏడింటికి ఒక భోజనం, తొమ్మిదిన్నరకి మళ్ళీ మీగడ పెరుగన్నం, అరటిపండు. బరువు మూడు నెలలకి మళ్ళీ దారిలో పడింది. డాక్టర్ ప్రతిసారీ బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తారు, చూడకపోతే అడగండి. మొదలుపెట్టే ముందు ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు, హఠాన్మరణం ఉన్నాయా, పిల్లాడు ఆడుతూ ఎప్పుడైనా సొమ్మసిల్లాడా అని అడగాలి. మా మామయ్య గుండెపోటు వయసు గుర్తుచేసుకోవడానికి ఆ రోజు నలుగురికి ఫోన్లు చేశాం.

ఎత్తు గురించి డాక్టర్ దాచలేదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో మూడేళ్ళు మానకుండా వాడిన పిల్లలు వాడనివాళ్ళకంటే సుమారు రెండు సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. అది సున్నా కాదు, భయపడేంతా కాదు. మా పడగ్గది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు పెడుతున్నాను, ఇప్పటిదాకా గీతలు పైకే వెళ్తున్నాయి. నిద్ర ఆలస్యమవుతుంది, అందుకే మందు పొద్దున్నే. ఇంకోటి, నాకు ఎవరూ ముందు చెప్పనిది, మందు ప్రభావం దిగిపోయే టైమ్. నాలుగున్నర నుంచి ఆరు దాకా వాడు మందు లేనప్పటికంటే ఘోరంగా ఉండేవాడు, చెప్పు తీయమన్నా ఏడుపే. ఆ గంటన్నరలో హోమ్‌వర్క్ పెట్టడం నా తెలివితక్కువ. ఇప్పుడు ఆ టైమ్‌లో సైకిల్, లేదంటే కింద బ్యాడ్మింటన్.

బొమ్మలా అయిపోతాడన్న భయం? ఒకసారి అయ్యాడు. డోసు పెంచిన వారం, నవ్వలేదు, పాట పాడలేదు, అడిగినదానికే జవాబు. టీచర్ "సూపర్ ఇంప్రూవ్‌మెంట్ మేడమ్" అని మెసేజ్ పెట్టారు. నేను ఆ మెసేజ్ చూసి డాక్టర్‌కి ఫోన్ చేశాను, తగ్గించారు. డోసు ఎక్కువైతే అలా అవుతుంది, అది మందు బాగా పనిచేస్తున్నదని గుర్తు కాదు, మోతాదు దాటిందని గుర్తు. ఆ మెసేజ్ దగ్గరే నాకు అసలు ప్రశ్న అర్థమైంది. మందు ఎవరికోసం? నలభై మంది ఉన్న క్లాసు నిశ్శబ్దంగా ఉండటానికా, వాడు లైను పూర్తిచేయలేక ఏడవకుండా ఉండటానికా? రెండూ ఒకటిలా కనిపిస్తాయి గానీ కొలిచే చోట వేరవుతాయి. అంతకు ముందు ఇంకో స్కూల్లో "మందైనా వేయించండి, టీసీ అయినా తీసుకోండి" అన్నారు. మేం టీసీ తీసుకున్నాం. మందు మొదలుపెట్టింది ఆ తర్వాత ఏడు నెలలకి, మా కారణాలకి.

పరిశోధనలు కూడా ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడవు, మాట్లాడతాయని చెప్పేవాళ్ళని నేను నమ్మను. ఎంటీఏ అని 579 మంది పిల్లల మీద జరిగిన ఆ అమెరికా పరిశోధన (ఎత్తు లెక్క కూడా దాన్లోదే) 1999లో 14 నెలల ఫలితాలు చెప్పింది. జాగ్రత్తగా పర్యవేక్షిస్తూ ఇచ్చిన మందు ముఖ్య లక్షణాలని ప్రవర్తన శిక్షణకంటే బాగా తగ్గించింది. రెండూ కలిపి ఇచ్చిన పిల్లలకి తక్కువ మందు సరిపోయింది. కానీ మూడేళ్ళ తర్వాత చూస్తే ఆ గుంపుల మధ్య తేడా మాయమైంది. పర్యవేక్షణ ఆగింది, కొందరు మందు మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు, కారణాలు కలగాపులగం. 2015లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థవాళ్ళు మిథైల్‌ఫెనిడేట్ మీద 185 పరీక్షలని, 12 వేలకు పైగా పిల్లలని కలిపి చూసి, ఫలితం ఉన్నట్టుంది గానీ ఈ పరీక్షల నాణ్యత చాలా తక్కువ అన్నారు. వాటి సగటు కాలం 75 రోజులే. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఇంకో పెద్ద పోలిక పిల్లలకి మొదట వాడదగ్గది మిథైల్‌ఫెనిడేటే అంది. నేను దీన్నుంచి తీసుకున్నది ఇంతే. కొన్ని వారాలు, నెలల్లో పనిచేస్తుందనడానికి ఆధారం గట్టిది, పదేళ్ళ తర్వాత ఏమవుతుందన్నది అంత గట్టిది కాదు. అందుకే ఒకసారి అవునని పదేళ్ళకీ సంతకం పెట్టేసే విషయం కాదిది. మేం ప్రతి మూడు నెలలకీ మళ్ళీ మొదటినుంచి అడుగుతాం, ఇంకా కావాలా అని.

ఆరేళ్ళ లోపు పిల్లలకైతే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ముందు తల్లిదండ్రులకి శిక్షణ అనే అంటుంది, మందు తర్వాత. శిక్షణ మనకి అంటే నాకు మొదట కోపం వచ్చింది, తప్పు నాదా అని. తీరా వెళ్ళాక తెలిసింది, ఒకేసారి మూడు పనులు చెప్పకపోవడం, చెప్పేముందు భుజం మీద చేయి వేసి కళ్ళలోకి చూడటం, మెచ్చుకోవలసింది అక్కడికక్కడే మెచ్చుకోవడం, ఇవి నేర్పుతారు. ఈ పిల్లల మెదడు పైపొర పూర్తి మందానికి చేరడం సగటున మూడేళ్ళు వెనకబడుతుందని 2007లో స్కాన్ల పరిశోధన ఒకటి చూపింది. ఎనిమిదేళ్ళవాడి ఓపికని ఆరేళ్ళవాడిదనుకుని చూస్తే మన గొంతు దానంతటదే తగ్గుతుంది. ఇక్కడి ఇబ్బంది డబ్బు, దూరం. థెరపీ వారానికి రెండుసార్లు, సిటీలో అయితేనే, ఖర్చు మందుకంటే ఎన్నో రెట్లు. చాలా ఇళ్ళలో మందే మిగలడానికి కారణం అది. "మందు సులువైన దారి" అని నీతులు చెప్పేవాళ్ళు ఆ బిల్లు చూడాలి. ప్రభుత్వ వైపు బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ మానసిక ఆసుపత్రి ఉన్నాయి, ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ అనగానే నవ్వడం మనకి అలవాటు, ఆ నవ్వుకి భయపడే ఎంతమంది పిల్లలు ఇంట్లోనే దెబ్బలు తింటున్నారో.

మిథైల్‌ఫెనిడేట్ పడకపోతే అటోమాక్సెటిన్ ఉంది. అది షెడ్యూల్ ఎక్స్ కాదు, ఉత్తేజకం కాదు, కానీ పని కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, మిథైల్‌ఫెనిడేట్‌ని మేం మానేసినట్టు ఆదివారం మానేద్దామంటే కుదరదు, మొదట్లో మనసు బాగా దిగులుపడుతోందేమో గమనించాలి. దీనికే వాడే ఇంకో రకం మందులు, క్లోనిడిన్ లాంటివి, ఉన్నట్టుండి ఆపకూడదు, బీపీ పెరుగుతుంది. సరస్వతి ఆకు, వస, ఇంకేదో లేహ్యం, అన్నీ మా ఇంటికి వచ్చాయి. ఎవరిచ్చినా తీసుకున్నాను, వాడికి మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఏదీ వేయలేదు.

ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. వాడు ఏదైనా విరగ్గొట్టినా ఎదురు మాట్లాడినా నా నోట్లోంచి ముందు వచ్చేది "ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అని. ఆర్నెల్లు అలాగే అన్నాను. ఒకసారి డాక్టర్ దగ్గర వాడే అడిగాడు, "ఆదివారం మాత్ర లేదు కదా, అయితే ఆదివారం నేను చెడ్డవాడినా?" ఆవిడ నా వైపు చూడలేదు, వాడితోనే మాట్లాడారు. మాత్ర నీకు ఆగడానికి కాస్త టైమ్ ఇస్తుంది, ఆ టైమ్‌లో ఏం చేయాలో నిర్ణయించుకున్నది నువ్వే అని. ఇంటికొచ్చాక మా ఆయనకీ అత్తయ్యకీ కూడా చెప్పాను, ఆ ప్రశ్న ఇంక ఈ ఇంట్లో వినబడకూడదని. అత్తయ్య ఈ ఒక్క విషయంలో నాకంటే ముందే మారారు.

ఇప్పుడు వాడికి తొమ్మిది దాటాయి. జూలైలో రెండు వారాలు పూర్తిగా ఆపి చూద్దామన్నారు డాక్టర్. టీచర్‌కి ముందు చెప్పకుండా, తర్వాత ఆవిడ ఏం గమనించారో అడగాలని. తేదీలు వంటింటి కేలెండర్ మీద రాసి పెట్టాను. మర్నాడు చూస్తే వాటి పక్కన వాడి వంకర రాతతో "యూనిట్ టెస్ట్" అని ఉంది. నాకు అసలు గుర్తే లేదు. తేదీలు ఒక వారం జరిపాం.